చెరువు గట్టు మీద ఇల్లు

మినుములు దోరగా వేగిన వాసన పెరటి గుమ్మం దాటి కొబ్బరితోట దాకా వెళ్ళింది. మాలక్ష్మి మూకుడు దించి, ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి చూసింది. పటుక్కుమంది. ఇంక మరకు పంపడమే. సున్నుండలయ్యాక జంతికలు, కందిపొడి, నువ్వులపొడి, నూనె కారకుండా రెండేసి కవర్లలో కట్టాల్సిన ఆవకాయ. ఈ ఇంటివాళ్ళు కామేశ్వరరావు గారూ, భవానీదేవి గారూ పన్నెండు రోజులు యూరప్ చూడ్డానికి వెళుతున్నారు. శనివారం పొద్దున్నే ప్రయాణం. ఇవాళ మంగళవారం.

ఆమె అసలు పేరు కనకమహాలక్ష్మి. రేషను కార్డు మీద తప్ప ఆ పేరుతో ఎవరూ పిలవరు. రాజోలు పక్కన ఈ ఇంట్లో వంటకు చేరి నాలుగేళ్ళయింది. వాళ్ళు తిరిగి వచ్చేదాకా ఇక్కడే పడుకుని, కామేశ్వరరావు గారి తల్లి సుబ్బాయమ్మ గారిని కనిపెట్టుకుని ఉండాలి. పెద్దమ్మగారికి ఎనభై దాటాయి. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో అరిస్తే ఆవిడకు కావలసిన మాటలు మాత్రం వినిపిస్తాయి.

భవానీదేవి గారు టూరువాళ్ళు పంపిన నున్నటి కాగితాల పుస్తకం ఒకటి పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"చెయ్యి తుడుచుకుని ఇది చూడవే మాలక్ష్మీ. తొమ్మిదో రోజు మా ఇష్టమట. షాపింగుకన్నా వెళ్ళొచ్చు, ఇదిగో ఈ సరస్సుల్లో ఒకదానికన్నా వెళ్ళొచ్చు. శుక్రవారంలోగా ఫోన్ చేసి చెప్పెయ్యాలి. మీ అయ్యగారేమో నీళ్ళు చూడ్డానికి అంత దూరం ఎందుకు, మనకి గోదారి లేదా అంటన్నారు."

మాలక్ష్మి కొంగుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, కాగితం అంచులు పట్టుకుని తిప్పింది. ఒక సరస్సు ఒడ్డంతా పూల కుండీలు. ఒకదాని మధ్యలో చిన్న లంక, దాని మీద తెల్లటి గోపురం. ఇంకొక దాని చుట్టూ మెట్లు మెట్లుగా మేడలు. నాలుగో బొమ్మ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. నీళ్ళలోకి చొచ్చుకు వచ్చిన చిన్న ఊరు. బూడిదరంగు చర్చి. ఒక తెల్ల పడవ. వెనకాల, నెత్తిన మంచు పెట్టుకున్న కొండ.

"అమ్మగారండీ," అంది. "ఈ చెరువు గట్టు మీదే నేను రెణ్ణెల్లు ఉన్నానండి."

హాల్లో పేపరు చదువుతున్న కామేశ్వరరావు గారు అక్కణ్ణించే అందుకున్నారు. "ఏ చెరువూ? ఐ.పోలవరంలో మన సూరిబాబు రొయ్యల చెరువా?"

భవానీదేవి గారు నవ్వాపుకోబోయి ఆపుకోలేకపోయారు.

"కాదండి. నిజంగానండి. తొంభయ్యారు ఎండాకాలంలో మా కువైట్ మేడమ్ వాళ్ళు ఇక్కడికే వెళ్ళేరండి. పిల్లల్ని చూడ్డానికీ, వండి పెట్టడానికీ నన్ను కూడా తీసుకెళ్ళేరు."

"ఏ దేశం?" కామేశ్వరరావు గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని గుమ్మంలోకి వచ్చారు.

"తెలీదండి."

"ఊరి పేరు?"

"వాళ్ళేదో అనేవారండి. నోరు తిరిగేది కాదు."

"దేశం తెలీదు, ఊరు తెలీదు, చెరువు మాత్రం తెలుసు. బావుంది. ఇక్కడ ఆస్ట్రియా అని రాశాడు. మా రోటరీ ప్రెసిడెంటే వెళ్ళలేదు ఆస్ట్రియా."

"ఊరుకోండీ మీరు," అన్నారు భవానీదేవి గారు. "పోనీ ఫోటో ఏవన్నా ఉందా మాలక్ష్మీ?"

"మాకు ఫోటోలేంటండి. వాళ్ళందర్నీ నేనే తీసేదాన్ని. నన్నెవరు తీస్తారండి." పుస్తకం తిరిగిస్తూ, "క్యాసెట్టు ఉందండి" అంది. "ఆ గట్టు మీద కూచుని మాటాడి మా నాన్నకి పంపేను. చర్చి గంటా, ఆవుల గంటలూ అన్నీ పడ్డాయండి. గన్నవరంలో మా తమ్ముడి దగ్గరుంటుంది."

"పట్రా మరి," అన్నారు కామేశ్వరరావు గారు. "విందాం. నిజమైతే షాపింగు మానేసి నీ చెరువుకే వెళ్తాం. సరేనా?"

"ఆయ్," అంది మాలక్ష్మి.

మూకుడులో మినుములు చల్లారాయి. వాటిని గుడ్డ సంచిలోకి ఒంపుతుంటే సగం గింజలు నేల మీద పడ్డాయి. అయ్యగారు నవ్వినందుకు కాదు. ఆ క్యాసెట్టు సంగతి ఎనిమిదేళ్ళుగా ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు. అంతకు ముందు ఏ క్యాసెట్టు పంపినా నెల తిరక్కుండా నాన్న దగ్గర్నుంచి జవాబు వచ్చేది. మొదట దగ్గు, తరవాత ఆ నెలలో ఎవరి తోటలో కొబ్బరి దింపు తీశాడో, ఏ చెట్టు ఎన్ని గెలలు వేసిందో, చివర "తిండి మానకు" అనే మాట. చెరువు గట్టు మీదనుంచి పంపినదానికి మాత్రం జవాబు రాలేదు. ఆ నవంబరులోనే తుఫాను. ఇంటి మీద చెట్టు పడి నాన్న పోయాడని పదిహేను రోజులకు ఫోను. ఊరుగాని ఊరు, దేశంగాని దేశం పట్టుకుని తిరుగుతోందని నాన్న కోపగించుకున్నాడనీ, ఆ కోపంతోనే వెళ్ళిపోయాడనీ ఆమె అప్పుడు అనుకుంది. ఇప్పటికీ అదే అనుకుంటోంది. తమ్ముణ్ణి రెండుసార్లు అడగబోతే రెండుసార్లూ వాడు మాట మార్చేశాడు.

గురువారం పొద్దున్నే పెద్దమ్మగారికి ఇడ్లీ పెట్టి, గన్నవరం బస్సెక్కింది. గోదారి మీద అక్విడక్టు వంతెన దాటాక దిగి, కాలవ గట్టు వెంట నడిచింది. దారి పొడుగునా కొబ్బరి డొక్కలు ఎండబెట్టి ఉన్నాయి. తమ్ముడు వీరబాబు ఇంటి ముందు పాకలో కాయలు ఒలుస్తున్నాడు. నాన్న శ్రీరాములు చెట్లెక్కేవాడు. వీడు నేల మీదే ఉంటానని ఒలుపు పనిలోకి దిగాడు. నేలలో నిటారుగా పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి ఒక్క మెలి, మళ్ళీ గుచ్చి ఇంకో మెలి, మూడో మెలికి డొక్క ఊడి అటు పడుతుంది, కాయ ఇటు దొర్లుతుంది.

"అక్కా! చెప్పకుండా వచ్చేవేంటి? భోజనం చేసే వచ్చేవా?"

"భోజనం తరవాత. నాన్నకి ఆఖర్న పంపిన క్యాసెట్టు నీ దగ్గరుందా?"

గునపం మీద పెట్టిన కాయ అలాగే ఉండిపోయింది.

"ఏ క్యాసెట్టు?"

"నేను చెరువు గట్టు మీదనుంచి పంపింది."

"అది పాడైపోయుంటది." వీరబాబు కాయను మెలితిప్పాడు. గురి తప్పి మొన పక్కకి జారింది. "ఇప్పుడెందుకది?"

"మా అమ్మగారికి వినిపించాలి. నేనక్కడికి వెళ్ళేనంటే నమ్మట్లేదు. నవ్వుతున్నారు."

"నవ్వనీ. పెద్దోళ్ళు నవ్వితే నీ ఒళ్ళేం అరగదు."

"ఒరే వీరబాబూ, నువ్విలా పెడమొహం పెట్టి మాటాడ్డం ఎనిమిదేళ్ళబట్టి చూస్తన్నాను. క్యాసెట్టుందా లేదా?"

వాడు చేతులు లుంగీకి తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు ఒక చేతిలో ఆమె కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరు, ఇంకో చేతిలో క్యాసెట్టు. పాడవలేదు. ప్లాస్టిక్ డబ్బా కూడా పగల్లేదు. మీద పసుపు బొట్టు పెట్టి ఉంది.

"మనమిద్దరమే విందాం," అన్నాడు. "ముందు నువ్వు విను. తరవాత పట్టుకెళ్తానంటే పట్టుకెళ్ళు."

పాకలోనే డొక్కల పక్కన చాప పరిచి కూర్చున్నారు. మీట నొక్కాడు. మొదట గరగర. తరవాత ఎనిమిదేళ్ళ కిందటి ఆమె గొంతు.

*నాన్నా, నేను మాలక్ష్మిని. బావున్నాను. నువ్వెలా ఉన్నావు? దగ్గు తగ్గిందా? మమ్మల్ని కువైట్ నుంచి విమానంలో తీసుకొచ్చేసేరు. ఇక్కడ చెరువు గట్టు మీద ఇల్లు. పెద్ద చెరువు నాన్నా. గట్టంతా పచ్చగా, అచ్చం మన ఊరే అనుకో. వానలు పడతన్నాయి...*

మాలక్ష్మి మొహం విప్పారింది. "చూసేవా, ఎంత బాగా పడిందో."

వీరబాబు కొబ్బరిపీచు ఒక పోగు తీసుకుని వేళ్ళ మధ్య పేనుతున్నాడు.

*...పొద్దున్నే చెరువు మీద మంచు. ఇంటి పక్కనే చర్చి. ఇదిగో గంట కొడతన్నారు, విను.*

గంట మోగింది. ఆ వెనకే దగ్గర్లో ఎక్కడో ఆవుల మెడ గంటలు, మేస్తూ కదులుతున్నప్పటి తీరుబడి మోతలు.

*ఆవులు నాన్నా. ఇక్కడ రాత్రి తొమ్మిదైనా వెలుగే. రోజూ చేపలే వండుతున్నాను. నేనిక్కడున్నట్టు ఎవరికీ చెప్పకు. మేడమ్ ఎవరికీ చెప్పద్దన్నారు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. నేను బానే ఉన్నాను. బెంగ పెట్టుకోకు.*

టేపు గరగరలోకి వెళ్ళిపోయింది. వీరబాబు మీట నొక్కి ఆపాడు.

"ఇప్పుడు చెప్పక్కా. ఇది విన్నోడికి నువ్వెక్కడున్నావనిపిస్తది?"

ఆమెకు అర్థం కాలేదు.

"నాన్నకి చెరువంటే ఏంటి? ఆ రోజుల్లో ఇక్కడ ఎవడికైనా చెరువంటే ఏంటి? చేలన్నీ తవ్వేసి రొయ్యలు పోసిందే కదా. ఎప్పుడూ నీ క్యాసెట్లు తెచ్చే మలికిపురం మనిషి దీన్ని తెచ్చి ఇంటికి రాలేదు. పెళ్ళాం చేత బస్సు డ్రైవరుకిచ్చి పంపేడు. అడుగుదామంటే మళ్ళీ ఫ్లైటెక్కేసేడు. నాన్న దీన్ని పదిసార్లు వేయించుకున్నాడు. ఏజెంటు మోసం చేసేడురా, అమ్మాయిని కువైట్ నుంచి తెచ్చేసి ఐ.పోలవరం సైడు చెరువుల మీద పెట్టేరు, సిగ్గుపడి ఇంటికి రాలేకపోతోంది అన్నాడు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పేను. అది కువైట్లో చెరువేమో నాన్నా అన్నాను. కువైట్లో ఇసక తప్ప చుక్క నీరు కనపడదని దాని నోటితో అదే చెప్పింది కదరా అన్నాడు. చెప్పేవు కదక్కా నువ్వు, ముందు క్యాసెట్టులో. అచ్చం మన ఊరే అంటోంది, మంచు పడతందంటోంది, ఆవు గంట వినపడతలేదా నీకు, అని నా మీద అరిచేడు. రాత్రి కూడా వెలుగంటే చెరువు గట్ల మీద లైట్లే కదా అన్నాడు. చేపలు వండుతోందంటే కూలోళ్ళకి వంట అన్నాడు. ఎవరికీ చెప్పద్దంది కదా, అందుకని ఎవర్నీ అడగనివ్వలేదు. ఆఖరికి నేను కూడా నమ్మేసేను."

ఒలిచిన కాయ ఒకటి ఎండలోకి దొర్లి ఆగి ఉంది. మాలక్ష్మి దాని మూడు కళ్ళనే చూస్తోంది.

"చర్చి పక్కన చెరువున్న ఊళ్ళన్నీ రాసిమ్మన్నాడు. నేనే రాసిచ్చేను. సైకిలేసుకుని పొద్దున్నే వెళ్ళేవాడు. ఒక్కో ఊరు చూసొచ్చి పేరు కొట్టేసేవాడు. అలా ఇరవై రోజులు తిరిగేడు. తుఫాను రోజు గాలి తిరిగింది వెళ్ళకు నాన్నా అన్నాను. గాలొస్తే గట్టు మీద అదెలా ఉంటదిరా అన్నాడు."

"ఇంటి మీద చెట్టు పడిందన్నావు కదరా." మాలక్ష్మి వాడి వైపు తిరిగింది.

"ఇంటి మీద పడింది నిజమే. ఇంట్లో నాన్న లేడు. నాలుగోనాడు దొరికేడు. మొహం గుర్తుపట్టేలా లేదు. జేబులో బీడీల కవర్లో కాగితం తడవలేదు. దాని మీద నా రాత చూసి గుర్తుపట్టేను." వీరబాబు పేనిన పీచు చేతిలోనే తెగింది. "నీకెలా చెప్పమంటావక్కా? పరాయి దేశంలో వాళ్ళింట్లో గిన్నెలు తోముకుంటన్నావు. చెప్తే నువ్వు బతుకుతావా? వచ్చేక చెబ్దామనుకున్నాను. వచ్చేక నోరు రాలేదు."

"నా మీద కోపం లేదా నాన్నకి?"

"కోపమా?" వాడు తల అడ్డంగా ఊపాడు. "దొరికితే ఒక్కమాట అనకురా, ముందు అన్నం పెట్టించు అన్నాడు."

మాలక్ష్మి మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఏడుపు రాలేదు. కాసేపటికి తలెత్తి, "మళ్ళీ వెయ్యి" అంది.

"వద్దక్కా."

"కొండ చెప్పేనురా నేను. అక్కడ పేద్ద కొండుంది. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా అదే. దాని మాట చెప్పే ఉంటాను. వెయ్యి."

వేశాడు. చెరువు, గట్టు, పచ్చన, వాన, మంచు, చర్చి, ఆవులు, చేపలు. కొండ లేదు. మూడోసారి ఆమే నొక్కుకుంది. ప్రతి మాటకీ ముందుకు వంగి, పక్క మాట కొండే అవుతుందన్నట్టు విన్నది. కాలేదు. కోనసీమంతా వెతికినా పుట్టంత కొండ లేదు. ఆ ఒక్క మాట పడి ఉంటే నాన్న సైకిలు తీసేవాడు కాదు. రోజుకి నాలుగుసార్లు చూసిన కొండను ఎందుకు చెప్పలేదు? చూసినప్పుడల్లా భయమేసేది. ఆ తెల్లటి నెత్తి చూస్తే ఇంటికి ఎంత దూరం వచ్చేసిందో తెలిసేది. నాన్న బెంగపడతాడని, ఇక్కడ ఉన్నలాంటివే ఏరి ఏరి చెప్పింది.

సాయంత్రం బస్సుకు ఆమె ఖాళీ చేతులతో బయలుదేరింది. క్యాసెట్టు మీద బొట్టు చెరగకుండా వీరబాబు దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టాడు. బస్సు కదిలేదాకా కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

శుక్రవారం ఉండలు చుడుతుంటే కామేశ్వరరావు గారు గుర్తుపెట్టుకుని మరీ అడిగారు. "ఏదీ నీ క్యాసెట్టు?"

"లేదండి. మా తమ్ముడు ఎక్కడో పారేసేడటండి."

"నే చెప్పలేదూ?" అంటూ భార్య వైపు చూసి కళ్ళెగరేశారు. "గల్ఫ్ వెళ్ళొచ్చిన ప్రతి వాళ్ళూ ఇంతే. ఒకడేమో ఒంటె మీద ఆఫీసుకెళ్ళేనంటాడు."

మాలక్ష్మి నెయ్యి ఇంకొంచెం పోసి పిండి కలిపింది. పిడికిట్లో ఉండ గట్టిగా నొక్కితే విరిగింది. దాన్ని మళ్ళీ పళ్ళెంలో కలిపేసి, మెల్లగా చుట్టింది.

ఆయన వెళ్ళాక భవానీదేవి గారు దగ్గరగా వచ్చి ఒక ఉండ తీసుకున్నారు. "నేను నీ చెరువే చెప్పేనులే ఫోన్ చేసి. అబద్ధమాడేదానివైతే దేశం పేరు ఏదో ఒకటి కల్పించి చెప్పేదానివి. నాకా మాత్రం తెలీదా?" అన్నారు.

మూడు రోజుల కిందట ఆ మాట వినపడి ఉంటే ఎంత సంతోషించేదో. ఇప్పుడు "ఆయ్" అని ఊరుకుంది.

శనివారం పొద్దున్న కారులో సామాను సర్దారు. కామేశ్వరరావు గారు తల్లి కాళ్ళకు దండం పెట్టి ముందు సీట్లో కూర్చున్నారు. భవానీదేవి గారు ఎక్కబోతుంటే మాలక్ష్మి కారు తలుపు పట్టుకుంది.

"అమ్మగారండీ, అక్కణ్ణించి పెద్దమ్మగారికి ఫోన్ చేస్తారు కదండి. చెరువు దగ్గరున్నామని చెప్పకండి."

"సరస్సు అనాలా? అబ్బో, నాకు తెలుగు నేర్పుతున్నావే!"

"ఏదన్నా అనండి. ముందు కొండుందని చెప్పండి. మనకి లేనివి చెప్పండి."

భవానీదేవి గారు నవ్వి, ఆమె చేతి మీద తట్టి ఎక్కేశారు. కారు తాటాకుల దడి మలుపు తిరిగేదాకా మాలక్ష్మి చూస్తూ నిలబడింది. ఎవరైనా ఊరు దాటుతుంటే మొహం ఒకసారి పూర్తిగా చూసుకోవాలనిపిస్తుంది ఆమెకు. ఈసారీ చూసుకుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోను మోగింది. మాలక్ష్మి తీసింది.

"మాలక్ష్మీ! నువ్వు చెప్పినట్టే ఉందే, అచ్చం! చర్చి, తెల్ల పడవ, అన్నీను! మీ అయ్యగారు నోరు తెరుచుకుని చూస్తన్నారు. ఎన్నిసార్లు నీ పేరే తలుచుకున్నారో. ఏదీ, అత్తయ్యగారికియ్యి."

మాలక్ష్మి పెద్దమ్మగారి మంచం పక్కన కూర్చుని రిసీవరు ఆవిడ ఎడమ చెవికి ఆనించి పట్టుకుంది. తన చెవి కూడా దగ్గరగా పెట్టింది.

"అత్తయ్యగారూ! చెరువు గట్టు మీద ఉన్నామండీ! చాలా బావుంది! పచ్చగా, అచ్చం మన ఊళ్ళాగే ఉందండీ!"

ఆ గొంతు వెనక ఆవుల మెడ గంటలు. అదే తీరుబడి, అదే మోత.

పెద్దమ్మగారి మొహం వెలిగింది. "వచ్చేసేరా? చెరువు దాకా వచ్చేసేరటే! ఆవులు కూడా వినపడతన్నాయి. మాలక్ష్మీ, గేటు తీసి ఉంచు. నా కర్ర ఇలా ఇయ్యి, ఎదురెళ్దాం." ఆవిడ అప్పుడే ఒక కాలు మంచం మీదనుంచి కిందకు దించారు.

మాలక్ష్మి రిసీవరు పక్కన పెట్టి, రెండు చేతులతో ఆవిడ భుజాలు పట్టుకుంది. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టింది.

"రాలేదండి. ఇక్కడ కాదండి. అక్కడ కొండుందండి."

"ఆఁ?"

"కొండండి! పేద్ద కొండ! దాని నెత్తిన తెల్లగా గడ్డకట్టిన మంచండి!"

పెద్దమ్మగారు కాలు అలాగే ఉంచి ఆలోచించారు. "కొండా? మన వైపు కొండెక్కడుందే?"

"లేదండి."

"అయితే దూరమే," అన్నారావిడ. కాలు మళ్ళీ మంచం మీదకు లాక్కుని, దుప్పటి సర్దుకుని పడుకున్నారు. "ఆ గేటు వేసిరా."

రిసీవరులో భవానీదేవి గారు ఇంకా హలో, హలో అంటూనే ఉన్నారు. మాలక్ష్మి గేటు దాకా వెళ్ళింది. అది వేసే ఉంది. గడియ మీద చెయ్యి పెట్టి, సైకిలు చారలు పడ్డ ఆ దారి వైపు చూస్తూ నిలబడిపోయింది.